తొడ ఎముక కంప్యూటర్ నమూనా – నాలుగో పాఠం: బరువు ఎంత, ఎక్కడ, ఏ వైపుకు?

గత పాఠంలో సీటీ స్కాన్ పొరల నుంచి తొడ ఎముక పైభాగాన్ని త్రీడీ స్లైసర్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేరుచేసి, తుంటి కీలులో కూర్చునే దాని గుండ్రని తలకు సుమారు 15 సెంటీమీటర్ల కింద అడ్డంగా కోసి, గ్మెష్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో దానిని వేలాది చిన్న ముక్కలుగా విడగొట్టాం. ఇప్పుడు మన దగ్గర ఆకారం ఉంది కాని, దానిపై భారం లేదు. కొత్తగా నేర్చుకునేవారు చాలామంది ఈ మెట్టు దగ్గర మనిషి బరువును తెచ్చి ఎముక తలపై పెట్టి, లెక్క నడిపించేస్తారు. సాఫ్ట్‌వేర్ ఎదురుప్రశ్న వేయదు. ఇచ్చిన బలం తప్పైనా రంగుల బొమ్మ అందంగానే వస్తుంది. అందుకే ఈ పాఠంలో సగభాగం కాగితం, పెన్సిలుతోనే సాగుతుంది.

60 కిలోల మనిషి ఒంటికాలిపై నిలబడ్డాడనుకుందాం. నడకలో ప్రతి అడుగుకూ ఈ స్థితి వస్తుంది. అతని బరువు దాదాపు 600 న్యూటన్లు. నేలను తాకిన కాలు బరువు మొత్తంలో ఆరో వంతు ఉంటుంది కనుక, దానిని తీసివేస్తే తుంటి కీలు మోయవలసింది 500 న్యూటన్లే అనిపిస్తుంది. అక్కడే పొరపాటు జరుగుతుంది. కావడి మోసేవాణ్ణి గుర్తుచేసుకోండి: బద్ద సరిగ్గా మధ్యలో భుజంపై లేకపోతే, పొట్టి వైపున ఎక్కువ బరువు వేలాడదీస్తేనే కావడి నిలుస్తుంది, రెండు వైపుల బరువుల మొత్తమూ భుజం మీదే పడుతుంది. ఇక్కడ భుజం తుంటి కీలు, బద్ద కటి ఎముక. ఒక వైపున శరీరపు బరువు కీలుకు సుమారు 10 సెంటీమీటర్ల దూరంలో కిందికి లాగుతుంటే, రెండో వైపున కేవలం 5 సెంటీమీటర్ల దూరంలో తుంటి పక్క కండరాలు దానిని నిలబెట్టాలి. 500ను 10తో గుణించి 5తో భాగిస్తే కండరం లాగవలసిన బలం 1,000 న్యూటన్లని తేలుతుంది. రెండూ కలిపితే కీలుపై పడేది 1,500 న్యూటన్లు, అంటే మనిషి బరువుకు రెండున్నర రెట్లు. ఈ తులాదండం లెక్కను జర్మనీలోని ఆఖెన్‌కు చెందిన శస్త్రవైద్యుడు ఫ్రీడ్రిష్ పావెల్స్ 1930లలోనే వేసి చూపారు.

చేతికర్ర వైద్యం కూడా ఈ లెక్కలోనే ఉంది. నొప్పి ఉన్న తుంటికి ఎదురు చేతిలో కర్ర పట్టుకుని, కీలుకు 40 సెంటీమీటర్ల దూరంలో 50 న్యూటన్లు, అంటే అయిదు కిలోల బరువంత, నేలకు ఆనిస్తే కండరంపై భారం 1,000 నుంచి 600 న్యూటన్లకు దిగుతుంది; కీలుపై బలం 1,050కి తగ్గుతుంది. అయిదు కిలోలు ఆనిస్తే కీలుపై 45 కిలోల భారం తగ్గిందన్నమాట. ఇంత లాభసాటి బేరం వైద్యంలో అరుదు.

ఇక దిశ సంగతి. కండరం నిటారుగా లాగదు. నిలువుకు సుమారు 20 డిగ్రీలు లోపలికి వాలి ఉంటుంది. కాబట్టి 1,000 న్యూటన్లను విడదీస్తే 940 పైకి, 340 లోపలికి వస్తాయి. కీలుబలంలో నిలువు భాగం 1,440, అడ్డభాగం 340. రెంటినీ కలిపితే దాదాపు 1,480 న్యూటన్లు, ఎముక తలను కిందికీ, నిలువుకు 13 డిగ్రీల వాలులో వెలుపలికీ నొక్కుతూ. ఈ సంఖ్యను నమ్మవచ్చా అన్న సందేహం న్యాయమైనదే. బెర్లిన్‌లో గియోర్గ్ బెర్గ్‌మన్ బృందం కృత్రిమ తుంటి కీళ్లలోనే కొలత పరికరాలు అమర్చి, 2001లో ప్రచురించిన ఫలితాల్లో గంటకు 4 కిలోమీటర్ల నడకలో కీలుపై సగటున శరీరబరువులో 238 శాతం పడుతుందని చూపింది. మన లెక్క 247 శాతం. పెన్సిలు లెక్కకు ఇది చాలు.

ఇప్పుడు బలాల లెక్క నడిపే సాఫ్ట్‌వేర్ ఫెబయో తెరవండి. ఎముక తల పైభాగంలో రూపాయి బిళ్లంత ప్రాంతాన్ని ఎంచుకుని 1,480 న్యూటన్లను ఆ వాలులోనే అక్కడ పరచండి. ఒకే బిందువుపై పెడితే అక్కడి ప్రతిబలానికి (స్ట్రెస్, అంటే ఒక్కో చదరపు మిల్లీమీటరుపై పడే బలానికి) అర్థం ఉండదు. తుంటి పక్కన చేత్తో తడిమితే తగిలే గట్టి గుబ్బ ఉంది కదా, గ్రేటర్ ట్రోకాంటర్, దానిపై కండర బలం 1,000 న్యూటన్లను పైకీ లోపలికీ లాగేలా ఇవ్వండి. కోసిన కింది అంచును కదలకుండా బిగించండి. లెక్క ముగిశాక ముందుగా చూడవలసింది రంగులు కాదు, బిగించిన అంచు దగ్గరి ప్రతిచర్య, అంటే ఎముకను నిలిపి ఉంచడానికి అక్కడ పుట్టే ఎదురుబలం. అది నిలువుగా 500 న్యూటన్లు, అడ్డంగా సున్నాకు దగ్గరగా రావాలి. 1,440 కనిపించిందంటే మీరు కండరాన్ని మరిచిపోయారు.

కొలమానాల విషయంలో నా అనుభవం ఒకటి చెబుతాను. సాఫ్ట్‌వేర్‌కు మిల్లీమీటరు, మీటరు అనే తేడా తెలియదు. ఆకారం మిల్లీమీటర్లలో, బలం న్యూటన్లలో ఉంటే, పదార్థం సాగకుండా ఎంత గట్టిగా నిలుస్తుందో చెప్పే యంగ్ గుణకం మెగాపాస్కల్‌లలో (చదరపు మిల్లీమీటరుకు న్యూటన్లలో) ఉండాలి. గట్టి ఎముకకు ఈ గుణకం నిలువు దిశలో సుమారు 17 గిగాపాస్కల్‌లు, అంటే 17,000 అని ఇవ్వాలి. నేను మొదటిసారి 17 అని ఇచ్చి ఊరుకున్నాను. ప్రతిబలాల బొమ్మ నిక్షేపంగా వచ్చింది; చూసిన ఎముకల వైద్యుడొకరు మెచ్చుకున్నారు కూడా. వారం తరువాత స్థానభ్రంశం (ఏ బిందువు ఎంత కదిలిందో చెప్పే) పట్టిక తెరిస్తే ఎముక తల మీటరుకు పైగా కదిలినట్టుంది. కదలవలసింది ఒకటి రెండు మిల్లీమీటర్లే. ఎముకంతా ఒకే పదార్థమై, భారాలు బలాల రూపంలో ఉన్నప్పుడు, సరళ (లీనియర్) లెక్కలో ప్రతిబలం యంగ్ గుణకంపై ఆధారపడదు. కాబట్టి ఆ బొమ్మ ఈ తప్పును ఎన్నటికీ పట్టివ్వదు. తెరపై వంపును సాఫ్ట్‌వేర్ తనంతట తానే చూడముచ్చటగా సర్దడంతో కంటికీ చిక్కలేదు. అప్పటి నుంచి స్థానభ్రంశం చూడందే నేను ప్రతిబలం జోలికి వెళ్లను.

ఎముక తలను కింది కాండంతో కలిపే సన్నని భాగమైన మెడ దగ్గర ఎంత ప్రతిబలం రావాలో కూడా ముందే అంచనా వేసుకోవచ్చు. మెడను 32 మిల్లీమీటర్ల వెలుపలి వ్యాసం, 2 మిల్లీమీటర్ల మందం గల గొట్టంగా తీసుకుని, కీలుబలం దాని అక్షానికి 40 డిగ్రీల కోణంలో, 25 మిల్లీమీటర్ల దూరం నుంచి పడుతోందనుకుంటే, కింది అంచున 24 మెగాపాస్కల్‌ల నొక్కుడు, పై అంచున 12 మెగాపాస్కల్‌ల సాగుడు వస్తాయి. నిజమైన మెడ గుండ్రటి గొట్టం కాదు కనుక మీ సంఖ్యలు కొంత తేడాగా ఉండవచ్చు. పది రెట్లు తేడా ఉంటే మాత్రం ఎక్కడో తప్పుంది. ఆపై ముక్కల పరిమాణాన్ని 4 మిల్లీమీటర్ల నుంచి 2కు తగ్గించి మళ్లీ నడపండి. మెడలోని విలువ దాదాపు నిలకడగా ఉండాలి. బిగించిన అంచు మూలల్లో మాత్రం ముక్కలు చిన్నవయ్యే కొద్దీ ప్రతిబలం పెరుగుతూనే పోవచ్చు. అది బిగింపు వల్ల పుట్టినదే తప్ప ఎముకది కాదు, దానిని వదిలేయండి.

అభ్యాసానికి రెండు లెక్కలు. కర్రను నొప్పి ఉన్న వైపు చేతిలోనే పట్టుకుని, కీలుకు వెలుపలగా 20 సెంటీమీటర్ల దూరంలో, నడుము వంచకుండా 50 న్యూటన్లు ఆనిస్తే కీలుబలం ఎంతవుతుందో కాగితంపై తేల్చండి. జవాబు 1,500 కంటే ఎక్కువ వస్తే కంగారుపడకండి. తరువాత ఎదురు చేతి కర్ర లెక్కతో వచ్చిన కండర, కీలు బలాలను నమూనాకు ఇచ్చి, మెడ కింది అంచున నొక్కుడు ఎంత తగ్గిందో రాసుకోండి. ఈసారి బిగించిన అంచు వద్ద నిలువు ప్రతిచర్య 450 న్యూటన్లు రావాలి. ఆ ఫైలును భద్రపరచండి. అయిదో పాఠంలో ఎముకంతటికీ ఒకటే గుణకం ఇవ్వడం మానేసి, స్కాన్‌లోని బూడిదరంగు ఛాయల నుంచి ముక్కముక్కకూ వేర్వేరు విలువలు తీసేటప్పుడు దానితోనే పోల్చి చూస్తాం.