ఎలియనోర్ కథ చెప్పాలంటే ముందు పొలం గీయండి

కడపలో 28 ఏళ్లు సోషల్ చెప్పాను. పన్నెండో శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని అక్విటైన్ అనే పెద్ద సీమకు వారసురాలైన ఎలియనోర్ కథ మొదటిసారి మొగుళ్ల వరసలో చెప్పాను: ముందు ఫ్రాన్స్ రాజు ఏడో లూయీ, తర్వాత ఇంగ్లండ్ రాజైన రెండో హెన్రీ. గంట కొట్టేసరికి పిల్లలకు మిగిలింది 'రెండు పెళ్లిళ్లామె' అనే మాటొక్కటే. తప్పు నాదే.

ఇప్పుడు మనవరాలికి వేరేగా చెబుతున్నాను, మీరూ అలాగే చెప్పండి. వరండాలో కడప బండ మీద సుద్దముక్కతో ఫ్రాన్స్ గీయండి. నల్లరాయి కదా, గీత బాగా కనిపిస్తుంది. నైరుతిలో పెద్ద ముక్క అక్విటైన్: పైన పువాటియే, కింద బోర్డో, అంచున పిరనీస్ కొండలు. పారిస్ చుట్టూ చిన్న సున్నా చుట్టండి. రాజు సొంతంగా ఏలుకునే నేల అంతే. ఇది చూశాక పెళ్లి ఎందుకో విడిగా చెప్పక్కర్లేదు.

అక్విటైన్‌లో ఒక చింతగింజ పెట్టండి. అదే ఎలియనోర్. తమ్ముడు ముందే పోయాడు, 1137లో యాత్రకు వెళ్లిన తండ్రీ తిరిగి రాకుండానే పోయాడు. ఆ జూలైలోనే లూయీతో పెళ్లి. గింజను పారిస్‌కు జరపండి.

ఇక్కడ నిదానించండి. భూమి మొగుడిదైపోయిందా? పెత్తనం ఆయనదే, హక్కు మాత్రం ఆమెది. మన వైపు పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం గుర్తు చేయండి, చప్పున అర్థమవుతుంది. 1152 మార్చిలో, దగ్గర చుట్టరికమనే కారణం చూపి పెళ్లి రద్దు చేశారు. ఆడపిల్లలిద్దరూ తండ్రి దగ్గరే ఉండిపోయారు. అక్విటైన్ మాత్రం ఆమె వెంటే వెనక్కి వచ్చింది. ఎనిమిది వారాలు తిరగ్గానే హెన్రీతో పెళ్లి. ఈయన లూయీ కన్నా దగ్గర చుట్టం! మా పిల్ల పకపకా నవ్వింది.

లూయీతో ఆమె వెళ్లిన క్రూసేడు (జెరూసలేం వైపు క్రైస్తవుల దండయాత్ర) సంగతిని ఒక్క మాటలో దాటేయండి, అందులో పుకార్లే ఎక్కువ. 1173లో కొడుకులు తండ్రి మీద తిరగబడితే ఆమె వాళ్ల పక్షాన నిలిచింది. 1189లో హెన్రీ చనిపోయేదాకా నిర్బంధమే. కానీ 1200లో, ఎనభైకి దగ్గరపడ్డ వయసులో, పిరనీస్ దాటి వెళ్లి మనవరాలు బ్లాంచ్‌ను ఫ్రాన్స్ యువరాజుకు పెళ్లికూతురిగా తెచ్చింది. చింతగింజను ఆ కొండల మీదుగా పిల్లల చేతే నడిపించండి.

చివర్లో ఫాంతెవ్రో మఠంలోని సమాధి ఫొటో చూపించండి. 1204లో పోయింది. రాతిబొమ్మ చేతిలో తెరిచిన పుస్తకం ఉంటుంది.

"పాసుపుస్తకమా అవ్వా?" అంది మా పిల్ల.