సత్సంగం గ్రూపులో గొడవ మొదలైతే ఏం చేయాలి

మాది గీతా పారాయణం వాట్సాప్ గ్రూపు, 180 మంది దాకా ఉంటాం, గుంటూరు, వరంగల్, బెంగళూరు, డాలస్, ఎక్కడెక్కడివాళ్ళో. ఆరేళ్ళుగా నేనే అడ్మిన్‌ని. ఒకరోజు పొద్దున్నే ఒక పెద్దావిడ "ఈసారి ఏకాదశి ఉపవాసం శనివారమా ఆదివారమా, ఎవరైనా చెప్పండమ్మా" అని అడిగారు, అంతే. రాత్రి పడుకునేసరికి 140 మెసేజీలు! మీది అసలు వైదిక సంప్రదాయమే కాదు అని ఒకరు, మీ గురువుకి సంస్కృతం వచ్చా అని ఇంకొకరు. ఇంతా చేసి ఆవిడ ఏ రోజు ఉపవాసం ఉండాలో ఒక్కరూ చెప్పలేదు. మర్నాడు చూస్తే ఆవిడ గ్రూపులోంచి వెళ్ళిపోయారు. అప్పట్నుంచి నేను పాటిస్తున్నవి రాస్తున్నా, మీరూ ఇలాంటి గ్రూపు నడుపుతుంటే పనికొస్తాయి.

అన్నిటికన్నా ముందు అడిగినవాళ్ళకి జవాబు అందిందా లేదా చూడండి. సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి. ఏకాదశి సంగతే తీసుకోండి, స్మార్తులు, అంటే శివుణ్ణీ విష్ణువునీ ఇద్దర్నీ కొలిచే సంప్రదాయంవాళ్ళు, సూర్యోదయానికి ఏకాదశి తిథి ఉందా అని చూస్తారు, వైష్ణవులు ఇంకాస్త ముందుకెళ్ళి సూర్యోదయానికి 4 ఘడియల ముందు, అంటే 96 నిమిషాల ముందు, అరుణోదయ వేళకి దశమి తగుల్తోందా అని చూస్తారు, తగిలితే ఆ రోజు వదిలేసి మర్నాడు ఉంటారు. డాలస్ వాళ్ళకి ఇంకో తేడా ఉంది, తిథి మొదలయ్యే క్షణం ప్రపంచమంతా ఒకటే గానీ సూర్యోదయం ఎవరి ఊరిది వాళ్ళదే కదా, అందుకని ఒక్కోసారి తేదీయే మారిపోతుంది. ఇందులో ఎవరూ తప్పు కాదు. ఇప్పుడు మేం రెండ్రోజుల ముందే స్మార్త ఏకాదశి ఫలానా రోజు, వైష్ణవ ఏకాదశి ఫలానా రోజు, అమెరికాలో ఫలానా రోజు, మీ ఇంటి ఆచారం ప్రకారం చేస్కోండి అని రాసి పిన్ చేసేస్తున్నాం, ఆ గొడవ మళ్ళీ రాలేదు. మీ గ్రూపులో పదేపదే రగిలే విషయాలు నాలుగైదు ఉంటాయి, వాటన్నిటికీ ఇలా ముందే రాసిపెట్టుకోండి.

రెండోది, జరుగుతున్నది ఏ రకం మాటో గుర్తుపట్టాలి. దీనికి మన న్యాయశాస్త్రంలోనే దారి ఉంది. గౌతముడి న్యాయసూత్రాల్లో వాదం, జల్పం, వితండ అని మూడు చెప్పారు. వాదం అంటే ప్రమాణం చూపించి తర్కంతో నిజం తేల్చుకోడానికి మాట్లాడుకోవడం. జల్పం గెలవడానికి, దాన్లో మాట మెలిపెట్టడం కూడా నడుస్తుంది, "నవకంబళం" అంటే కొత్త కంబళి అని అవతలాయన చెప్తుంటే తొమ్మిది కంబళ్ళు ఏవీ చూపించు అన్నట్టు. వితండ చేసేవాళ్ళు తమ పక్షం ఏంటో చెప్పరు, ఎదుటివాళ్ళది కూలగొట్టడమే పని. మనం రోజూ వితండవాదం అంటామే, అది అక్కణ్ణుంచి వచ్చిందే.

గుర్తుపట్టడం ఎలా అంటే, మర్యాదగా ఒకటే అడగండి, "మీ అభిప్రాయం ఏంటండీ, ఏ గ్రంథంలో ఏ శ్లోకం ఆధారం?" వాదం చేసేవాళ్ళు వెంటనే చెప్తారు, లేదా చూసి చెప్తా అంటారు. జల్పం చేసేవాళ్ళు పాత మెసేజీలు తవ్వుతారు. వితండం అయితే జవాబు రాదు, ఇంకో ప్రశ్న వస్తుంది. వాదాన్ని ఎప్పుడూ ఆపొద్దు, ఎంత వేడిగా సాగినా సరే, గ్రూపు ఉన్నదే అందుకు. జల్పంలోకి జారితే ఇద్దర్నీ ముందు అవతలివాళ్ళ మాట మీ మాటల్లో చెప్పి తర్వాత కాదనండి అని అడగండి. ఇదేం కొత్త రూలు కాదు, బ్రహ్మసూత్రాలకి రాసిన వ్యాఖ్య శ్రీభాష్యంలో రామానుజులు తాను ఖండించబోయే అద్వైత వాదాన్ని ముందు మహాపూర్వపక్షంగా వివరంగా నిలబెట్టారు, ఆ తర్వాతే సమాధానం. వితండానికి మాత్రం జవాబు ఇవ్వకండి, ఇచ్చేకొద్దీ పెరుగుతుంది.

ఒక జాగ్రత్త, ఘాటుగా అడిగిన ప్రతివాళ్ళూ ట్రోల్ కాదు. మొన్నామధ్య ఇంజనీరింగ్ చదివే అబ్బాయి ఒకడు వాలిని చాటునుంచి కొట్టడం ఏం ధర్మం అని అడిగితే నలుగురు మీదపడ్డారు, వీణ్ణి తీసేయండి అని. నాకు చాలా కష్టమనిపించింది. వాల్మీకి రామాయణం కిష్కింధకాండలో ఆ ప్రశ్న వాలే అడిగాడు, ఒక సర్గంతా నిలదీశాడు, తర్వాతి సర్గలో రాముడు జవాబు చెప్పాడు. రాముడు విన్న ప్రశ్న మనం వినలేమా?

ఇక అసలైన గుర్తు ఇంకోటి ఉంది, "గారు" ఎప్పుడు పోయిందో చూడండి. మాష్టారు ఒకాయన, ఎప్పుడూ పల్లెత్తు మాట అనని మనిషి, ఆ ఏకాదశి రోజు అందరికన్నా ఘోరంగా రాశారు. ఫోన్ చేసి "ఏంటి మాష్టారూ అలా రాశారు" అంటే, "మా గురువుగార్ని ఆయన 'వాడు' అన్నాడమ్మా, మీరెవరూ ఏం అనలేదు" అన్నారు. వెనక్కి వెళ్ళి చూశా, నిజమే, ముప్ఫయ్యో మెసేజీ దగ్గరే ఉంది, ఆ తర్వాత వంద మెసేజీల్లో తిథి అన్న మాటే లేదు. అందుకని మొదటి "వాడు" దగ్గరే ఆగి, దాన్ని అందరికీ డిలీట్ చేసి, రాసినాయనకి విడిగా ఫోన్ చేయండి. గ్రూపులో అందరి ముందూ మందలిస్తే పరువు పట్టింపుకొచ్చి ఇంకా రెచ్చిపోతారు. మెసేజ్ కూడా వద్దు, ఫోనే, గొంతు వింటే మనిషి సగం చల్లబడతాడు.

మరీ రాజుకుంటే అడ్మిన్లు మాత్రమే పంపేలా సెట్టింగ్ మార్చి పొద్దున దాకా ఉంచండి, కారణం ఒక్క లైనులో చెప్పండి. టెలిగ్రామ్‌లో అయితే స్లో మోడ్ ఉంది, ఒక్కొక్కరికీ మెసేజీకీ మెసేజీకీ మధ్య కొన్ని సెకన్ల నుంచి గంట దాకా గ్యాప్ పెట్టొచ్చు. దేవుళ్ళనో, ఇంకో మతాన్నో, కులాన్నో కావాలని తిట్టడానికే వచ్చే కొత్త నంబర్లుంటాయి, వాటికి చర్చ అక్కర్లేదు, స్క్రీన్‌షాట్ తీసి, డిలీట్ చేసి, తీసేయడమే, కొత్తవాళ్ళు అడ్మిన్ ఒప్పుకుంటేనే చేరేలా పెట్టుకోండి. ఎవరో పెట్టినదానికి అడ్మిన్‌ని జైల్లో వేస్తారని భయపడేవాళ్ళున్నారు, వేరేవాళ్ళ పోస్టుకి కేవలం అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యులు కారని బాంబే హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. రాసినవాళ్ళకి మాత్రం భారతీయ న్యాయ సంహిత 299 సెక్షన్ ఉంది, కావాలని దురుద్దేశంతో మతభావాలు గాయపరిస్తే 3 ఏళ్ళ దాకా జైలు, ఇది గ్రూపులో ఒకసారి చెప్పి ఉంచితే మంచిది.

మీరు అడ్మిన్ కాకపోతే, గొడవ మధ్యలో ఇద్దరికీ నమస్కారం ఎమోజీలు పెట్టకండి, అడిగినవాళ్ళకి తెలిసిన జవాబు విడిగా పంపండి.

గొడవైన రోజు ఎవరైనా చెప్పకుండా వెళ్ళిపోతే ఆ రోజే ఫోన్ చేయండి. ఆ పెద్దావిడకి నేను చేసింది మూడు వారాల తర్వాత. "నా వల్లే కదమ్మా అందరూ అంతంత మాటలు అనుకున్నారు, నేను అడక్కుండా ఉండాల్సింది" అన్నారు ఆవిడ. మూడు వారాలూ అలాగే అనుకుంటూ ఉన్నారట.