నిమ్మ సీతాకోకచిలుకను పిల్లలతో కలిసి ఇంట్లో పెంచడం ఎలా?

గొంగళిపురుగు కనిపించిన ఆకునల్లా తినదు. దాని మొక్క దానికుంటుంది, అది దొరక్కపోతే పస్తుండి చచ్చిపోతుంది. అందుకే మొదటిసారి పెంచేవారికి నిమ్మ సీతాకోకచిలుక తేలిక. నిమ్మ, నారింజ, కరివేపాకుల్లో ఏదో ఒక మొక్క కుండీలో ఉంటే చాలు. దానికి పురుగుమందు మాత్రం కొట్టి ఉండకూడదు.

1. గుడ్లు వెతకండి. లేత చిగుళ్ల మీద ఒక్కొక్కటిగా, మిల్లీమీటరంత, లేత పసుపు రంగులో గుండ్రంగా ఉంటాయి. ఆకుతో సహా తుంచండి. బయట పెరిగిన పెద్ద పురుగులను తేకండి: వాటిలో చాలావాటి ఒంట్లో అప్పటికే పరాన్న కందిరీగలో ఈగలో గుడ్లు పెట్టేసి ఉంటాయి. ఒక విడతకు నాలుగైదు గుడ్లు మించొద్దు.

2. పెట్టె. 30 సెంటీమీటర్ల ఎత్తు, గాలాడే వల గోడలు, అడుగున కాగితం. రెమ్మను చిన్న నీళ్ల సీసాలో నిలబెట్టి, మూతి దగ్గర దూది కుక్కండి. లేకపోతే పురుగు కాడ వెంట దిగి నీళ్లలో పడుతుంది.

3. రోజువారీ పని. గుడ్డు మూడు నుంచి ఆరు రోజుల్లో పొదుగుతుంది. చిన్నప్పుడు పురుగు అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, చివరి దశలో ఆకుపచ్చగా మారుతుంది. సుమారు రెండు వారాల్లో నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. ఆ ముందు రోజు కదలకుండా ఉంటుంది. జబ్బు చేసిందనుకుని పిల్లలు కదిలిస్తారు. అప్పుడు పట్టు తప్పితే కుబుసం సరిగా ఊడదు. ఆకు మార్చేటప్పుడు పురుగును వేళ్లతో లాగకుండా, అది ఉన్న ఆకుముక్కను కత్తిరించి కొత్త రెమ్మ మీద పెట్టండి. బెదిరితే తల వెనక నుంచి ఎర్రటి జంట కొమ్ములు బయటపెట్టి ఘాటైన వాసన కొడుతుంది. పిల్లలు ఒకసారి చూస్తే చాలు, మళ్లీ మళ్లీ రెచ్చగొట్టొద్దు.

కాగితం రోజూ మార్చాల్సిందే. తడి, ఇరుకు కలిస్తే రోగం వస్తుంది: పురుగు నల్లబడి మెత్తగా వేలాడుతుంది. దాన్ని వెంటనే తీసేసి, పెట్టెను సబ్బుతో కడిగి ఎండబెట్టండి. అయితే బాగా ఎదిగిన పురుగు ఒక్కసారి పల్చగా విసర్జించి అటూఇటూ తిరుగుతుంటే అది రోగం కాదు, ప్యూపా (పురుగు కదలకుండా పెంకులో ఉండి సీతాకోకచిలుకగా మారే దశ) అయ్యే ముందు కడుపు ఖాళీ చేసుకోవడం.

4. ప్యూపా. పెట్టెలో నిటారుగా నాలుగు పుల్లలుంచండి. పురుగు నడుముకు పట్టుదారం కట్టుకుని వాలుతుంది. ప్యూపా నుంచి సీతాకోకచిలుక రావడానికి సాధారణంగా వారం, పది రోజులు పడుతుంది, చలికాలంలో ఇంకా ఎక్కువ. రెక్కల రంగులు పైకి కనిపిస్తే మర్నాటికల్లా బయటికొస్తుంది. ప్యూపాకు చిన్న బెజ్జాలు పడి ఉంటే లోపల పెరిగింది కందిరీగలే.

5. వదలడం. బయటికొచ్చిన సీతాకోకచిలుక పైకి పాకి వేలాడాలి. చోటు లేక పడిపోతే రెక్కలు ముడతలుగానే గట్టిపడతాయి. బయటికొచ్చాక సీతాకోకచిలుక కార్చే ద్రవం ప్యూపాలో పోగైన వ్యర్థం, గాయం కాదని పిల్లలకు ముందే చెప్పండి. రెక్కలు ఆరడానికి మూడు, నాలుగు గంటలివ్వండి, ఎండ ఉన్నప్పుడే వదలండి. వాన పడుతుంటే మర్నాటిదాకా ఉంచవచ్చు, మొదటి రోజు తిండి అక్కర్లేదు. ఎగరలేనిదైతే చెంచా చక్కెరను పది చెంచాల నీళ్లలో కలిపి, దూదిని తడిపి దాని కాళ్ల దగ్గర పెట్టండి.