లినక్స్ పాఠాలు – 6: ఒకే ఇల్లు, రెండు కుంపట్లు

కిందటి పాఠంలో ఆప్ట్‌తో ప్యాకేజీలు పెట్టడం, తీయడం చూశాం. ఈసారి 64 బిట్ డెబియన్‌లో 32 బిట్ లైబ్రరీలు (ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకునే కోడ్ ఫైళ్ళు) పెడదాం. ఉబుంటులోనూ పద్ధతి ఇదే. కమాండ్లు తెలుగులో రాస్తున్నా, మీరు టెర్మినల్‌లో చిన్నక్షరాల ఇంగ్లీషులో కొట్టుకోండి.

మా బాబాయి షాపులో బిల్లులు కొట్టే పాత ప్రింటర్ ఒకటుంది. దాని డ్రైవర్ 32 బిట్‌ది. కొత్త కంప్యూటర్ కొని 64 బిట్ డెబియన్ ఎక్కించాక, ఆ డ్రైవర్‌తో వచ్చిన ప్రోగ్రామ్‌ని నడిపితే "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అంది. ఎల్ఎస్ కొడితే ఫైల్ కనిపిస్తూనే ఉంది. పర్మిషన్లూ బాగానే ఉన్నాయి. పేరు తప్పు కొడుతున్నానేమోనని గంటసేపు అదే కొట్టాను. "ఉన్నదాన్ని లేదంటుందేంట్రా?" అని బాబాయి పక్కన నిలబడి ఒకటే టెన్షన్.

నిజానికి లేనిది ఆ ఫైల్ కాదు, దాన్ని నడిపించే లోడర్. లైబ్రరీల మీద ఆధారపడే ప్రోగ్రామ్ ఏదైనా తన లోడర్ ఎక్కడుంటుందో తనలోనే రాసి పెట్టుకుంటుంది. 32 బిట్ వాటికి అది లిబ్ డైరెక్టరీలోని ఎల్‌డీ-లినక్స్.ఎస్ఓ.2. అది దొరక్కపోతే వచ్చే మెసేజ్ చూసి మనం ప్రోగ్రామే లేదనుకుంటాం.

అందుకని ముందు "ఫైల్" అనే కమాండ్ రాసి, పక్కన ప్రోగ్రామ్ పేరు కొట్టండి. జవాబులో "ఈఎల్ఎఫ్ 32-బిట్" అని, ఇంటర్‌ప్రెటర్ అన్న మాట పక్కన ఆ లోడర్ పేరు కనిపిస్తే మీదీ ఇదే రోగం. అప్పుడు వరసగా ఇవి:

సుడో డీపీకేజీ --యాడ్-ఆర్కిటెక్చర్ ఐ386
సుడో ఆప్ట్ అప్‌డేట్
సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లిబ్‌సీ6:ఐ386

ఐ386 అంటే 32 బిట్ రకానికి డెబియన్ పెట్టిన పేరు. లిబ్‌సీ6 అంటే ఆ లోడర్‌ని వెంట తెచ్చే మూల లైబ్రరీ. రెండో కమాండ్ మర్చిపోయేవాళ్ళే ఎక్కువ. మొదటి కమాండ్ గేటు తెరుస్తుందంతే, 32 బిట్ ప్యాకేజీల జాబితా తెచ్చేది రెండోదే. ఇక మూడోదాంట్లో చివరి :ఐ386 వదిలేశారో, "మీ దగ్గర కొత్తదే ఉంది" అని ఆప్ట్ చేతులు దులుపుకుంటుంది. అది చెప్పేది 64 బిట్ లిబ్‌సీ గురించి.

లోడర్ వచ్చేసింది కాబట్టి ఇప్పుడు ఎల్‌డీడీ అనే కమాండ్ పని చేస్తుంది. ప్రోగ్రామ్ పేరిచ్చి కొడితే, కావలసిన లైబ్రరీలు ఒక్కో లైనులో వస్తాయి. "నాట్ ఫౌండ్" అన్నవాటి ప్యాకేజీలు మాత్రం పెట్టుకోండి, చివర :ఐ386 తగిలించి. మాకు సీ++ లైబ్రరీ, జెడ్‌లిబ్ సరిపోయాయి. దొరికిన సైటు నుంచల్లా .ఎస్ఓ ఫైళ్ళు (లైబ్రరీ ఫైళ్ళే) దించి సిస్టమ్ డైరెక్టరీల్లో పడేయకండి.

32 బిట్, 64 బిట్ లైబ్రరీలు ఒకదానితో ఒకటి కొట్టుకోవా అంటారా? కొట్టుకోవు. యూఎస్ఆర్ కింది లిబ్‌లో ఎక్స్86_64-లినక్స్-గ్నూ ఒకటి, ఐ386-లినక్స్-గ్నూ ఒకటి. ఎవరి కుంపటి వారిదే. ఫైల్ పేరు ఒకటే అయినా చోటు వేరు. 2013లో డెబియన్ 7తో వచ్చిన ఈ ఏర్పాటుకి మల్టీఆర్చ్ అని పేరు. అంతకుముందు ఐఏ32-లిబ్స్ అని ఒక పెద్ద మూట ఉండేది. ఒక్క లైబ్రరీ కావాలన్నా మూటంతా మోయాల్సిందే.

చిక్కల్లా వెర్షన్ దగ్గరే. ఒక లైబ్రరీని రెండు రకాలుగా పెడితే రెండూ అచ్చంగా ఒకే వెర్షన్ అయి ఉండాలి. బయటి రిపాజిటరీ నుంచి 64 బిట్‌ది కొత్తది తెచ్చుకుని ఉంటే, దానికి జోడీ దొరక్క ఆప్ట్ మొరాయిస్తుంది. ఒక్కోసారి మొరాయించకుండా, ఉన్న ప్యాకేజీలే తీసేస్తానంటుంది. "రిమూవ్డ్" అన్న జాబితాలో మీ డెస్క్‌టాప్ పేరు కనిపిస్తే వై నొక్కకండి.

అభ్యాసం: డీపీకేజీ --ప్రింట్-ఫారిన్-ఆర్కిటెక్చర్స్ కొట్టి, ఐ386 వస్తోందో లేదో చూడండి. తర్వాత ఆ రెండు డైరెక్టరీల్లోనూ లిబ్‌సీ.ఎస్ఓ.6 వెతికి, రెండింటి మీదా ఫైల్ కమాండ్ నడపండి. అవి లింకులైతే ఫైల్ పక్కన -ఎల్ చేర్చాలి, పెద్దక్షరం ఎల్. వచ్చే పాఠంలో ఈ 32 బిట్ సామాను మొత్తం ఖాళీ చేయించడం చూద్దాం.