పంది పిల్లలు ఇంటికి రాకముందే

మాంసం కోసం రెండు మూడు పందులు పెంచాలనుకుంటే ముందు దొడ్డి, తర్వాతే పిల్లలు. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు.

– గచ్చు గట్టిగా, ఒక పక్కకు వాలుగా ఉందా? గోడ కింది వరస ఇటుకలను చేత్తో నెట్టి చూడండి. పంది మూతి మీ చేతికంటే బలమైనది.

– నీడ, నీళ్లు. పందికి చెమట దాదాపు పట్టదు. ఒళ్లు తడుపుకొనే వీలు లేకపోతే ఎండాకాలం దాటడం కష్టం.

– 8 వారాలు నిండి, పాలు మానిన పిల్లల్నే కొనండి. మగవాటికి విత్తులు కొట్టించారో లేదో అడగండి. లేకపోతే మాంసం వాసన వేస్తుంది.

– క్లాసికల్ స్వైన్ ఫీవర్ (పందుల జ్వరం) టీకా, నట్టల మందు: పశువైద్యుణ్ని అడిగి.

– హోటల్ ఎంగిలి. అసలు భయం ఇక్కడే. 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో బయటపడిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ (ఇది వేరే జబ్బు, పై టీకా దీనికి పనిచేయదు) మనుషులకు సోకదు గానీ, పందులను తుడిచిపెట్టేస్తుంది. మందు లేదు. ఎంగిలిలోని పంది మాంసం ముక్కతోనూ రావచ్చు. పెట్టక తప్పకపోతే అరగంట తెర్లించి, చల్లార్చి పెట్టండి. నన్నడిగితే తౌడు, మొక్కజొన్న నూకే మేలు.

– ఊరి మీదికి వదలకండి. మనుషుల మలం తిన్న పంది కండలో బద్దెపురుగు తిత్తులు తెల్లగా, బియ్యపు గింజల్లా కనిపించవచ్చు. అలాంటి మాంసం వండకూడదు.

– ఎవరు, ఎక్కడ కోస్తారో ఇప్పుడే మాట్లాడుకోండి, ఇంట్లో పిల్లలు దానికి పేరు పెట్టకముందే.