చెక్, స్లొవాక్ జానపద దుస్తుల్ని చూసి ఎవరివో, ఎక్కడివో కనిపెట్టడం ఎలా

ప్రాగ్ సావనీర్ షాపుల్లో పెట్టే ఎర్ర స్కర్టు బొమ్మల్ని చూసి చెక్ సంప్రదాయ దుస్తులంటే ఇంతే అనుకోకండి. అక్కడ వీటిని క్రోయ్ అంటారు, ప్రాంతానికో రకం, మొరావియా ఆగ్నేయాన ఉన్న స్లొవాత్స్కోలో అయితే పక్కపక్క ఊళ్ళకే తేడా కనిపిస్తుంది.

ముందు తల చూడండి, సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది. పెళ్ళికాని పిల్ల తలపై పూలదండో రిబ్బన్లో, వెనక జడో కనిపిస్తే, పెళ్ళయిన ఆవిడ జుట్టు చెపెత్స్ అనే కుచ్చు టోపీలోనో రుమాలు కిందో ఉంటుంది. పెళ్ళి రాత్రి దండ తీసేసి ఆ టోపీ పెట్టే తంతు స్లొవాక్ పెళ్ళిళ్ళలో ఇప్పటికీ జరుగుతుంది. స్లొవాత్స్కోలో మగవాళ్ళ టోపీకి కోడిపుంజు ఈకలుంటే మామూలుగా పెళ్ళికాని కుర్రాడే.

తర్వాత ప్రాంతం. వెడల్పాటి పసుపు తోలు ప్యాంటు అయితే ఒలొమౌత్స్ చుట్టుపక్కల హనా. పొట్ట కనిపించేంత పొట్టి చొక్కా, వెడల్పాటి తోలు బెల్టు అయితే స్లొవేకియాలోని డెట్వా. దక్షిణ బొహేమియా బ్లాటాలో చెరువులెక్కువ, అందుకే కాబోలు అక్కడి ఎంబ్రాయిడరీలో చేప పొలుసులు కూడా కుడతారు.

నీలం మీద తెల్ల పూల బట్ట కనిపిస్తే అది మొద్రొతిస్క్. మన పెడనలో చెక్క అచ్చు రంగుని అద్దుతుంది కదా, ఇక్కడ అచ్చుతో రంగు పట్టకుండా ఆపే ముద్దని అద్ది, బట్టని నీలిమందు తొట్టిలో ముంచి, తర్వాత ఆ ముద్ద కడిగేస్తారు. ఐదు దేశాల తరఫున ఇది 2018లో యునెస్కో జాబితాకెక్కింది. కొనేముందు తిరగేసి చూడండి, వెనక వైపు వెలిసిపోయినట్టుంటే అది మామూలు ప్రింటు.

ఇవన్నీ ఒంటి మీద చూడాలంటే మే చివర్లో స్లొవాత్స్కోలోని వ్ల్‌చ్‌నోవ్ అనే ఊరు వెళ్ళండి. అక్కడి రాజుల సవారీలో గుర్రం మీద ఆడవాళ్ళ బట్టల్లో, నోట్లో గులాబీతో, ఒక్క మాటా మాట్లాడకుండా రాజుగా కూర్చునేది పదీ పన్నెండేళ్ళ అబ్బాయి, అమ్మాయి అనుకుని పొరపడకండి. జూన్ చివర్లో అయితే స్ట్రాజ్‌నిత్సెలో పండగ, 1946 నుంచి జరుగుతోంది.

గంజి పెట్టిన ఆ బట్టల ఉబ్బు చేతుల్ని మాత్రం ముట్టుకోకండి, నలిగితే మళ్ళీ ఇస్త్రీ చేసుకోవడం వాళ్ళకి పెద్ద పని. ఫోటోకి అడిగి, ఏ ఊరి క్రోయ్ అని కూడా అడగండి, సంతోషంగా చెప్తారు.