ముల్లు 160 దగ్గర ఆగిపోతోందా? పాత జీపు టెంపరేచర్ మీటరు సమస్యలు

పాత విల్లీస్ జీపు మీటరు పనిచేయట్లేదని వచ్చే ప్రతి ఒక్కరినీ ముందు ఒకటే అడుగుతాను: ఇంజను నీళ్లలో ఉండే బల్బు (సన్నటి రాగి గొట్టంతో మీటరుకి కలిపిన లోహపు మొన) తీసి మరిగే నీళ్లలో పెట్టి చూశారా? దాదాపు అందరూ లేదనే అంటారు. అప్పటికే డాష్‌బోర్డు మాత్రం విప్పేసి ఉంటుంది. విశాఖ సముద్రం ఒడ్డునే ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు 100 డిగ్రీల దగ్గర, అంటే మీటరు లెక్కలో 212 ఫారెన్‌హీట్ దగ్గర మరుగుతాయి. గిన్నె, స్టవ్వు చాలు. అరకులో చేస్తే మాత్రం 207 దగ్గరే మరుగుతాయి, అది గుర్తుపెట్టుకోండి.

ముల్లు అసలు కదలకపోతే రాగి గొట్టం ఎక్కడో తెగి, లోపలి ఈథర్ (తేలిగ్గా ఆవిరయ్యే ద్రవం) పోయినట్టే. గిన్నెలో 212 సరిగ్గా చూపించి, రోడ్డు మీద మాత్రం పైకి రాకపోతే మీటరు తప్పు కాదు. బండి వేడెక్కకూడదని ఎవరో థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కేదాకా రేడియేటర్‌కి నీళ్లు పోకుండా ఆపే వాల్వు) పీకేసి ఉంటారు, తిరిగి వేయించండి. లేదా నీళ్లు బల్బు కిందికి దిగిపోయి ఉంటాయి. ఇంజను చల్లారాక కూడా ముల్లు దిగకపోతే అది డయల్‌కి రాసుకుంటోందేమో చూడండి. మీటరు లోపలి వంపు గొట్టం పగలడం చాలా అరుదు, దాని గురించి టెన్షన్ పడకండి.

అసలు మోసం చేసేది సన్నటి లీకు. మా బావగారి జీపుకి బల్బుని గ్లాసుడు వేడినీళ్లలో ముంచి చూశాను. ముల్లు చక్కగా లేచింది, బాగుందన్నాను. అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే బానెట్ కింద నుంచి ఆవిరి చిమ్మింది, హెడ్ గ్యాస్కెట్ పోయింది. ముల్లు మాత్రం 160 దగ్గరే ఉంది. ఆ అంకె చూస్తే ఎవరికీ అనుమానం రాదు. ఆ రోజు నుంచి గ్లాసుడు వేడినీళ్ల టెస్టు మానేశాను.

కారణం ఇది. బల్బు వేడెక్కేకొద్దీ ఈథర్ ఆవిరి ఒత్తిడి పెరిగి ముల్లుని నెడుతుంది. అదే సమయంలో కొంత ద్రవం గొట్టంలోకి, మీటరులోకి వెళ్లిపోతుంది. ఈథర్ తగ్గిపోయిన బల్బులో ఒక దశ దాటాక ద్రవమే మిగలదు. ఆ తర్వాత ఎంత కాల్చినా ఒత్తిడి పెద్దగా పెరగదు, ముల్లు అక్కడే నిలబడిపోతుంది. లీకు ఎక్కువగా ఫైర్‌వాల్ (ఇంజనుకీ మనం కూర్చునే చోటుకీ మధ్య ఉండే రేకు) రంధ్రం దగ్గరే దొరుకుతుంది. రబ్బరు వాషర్ ఊడిపోయి, గొట్టం రేకుకి రాసుకుని అరుగుతుంది. మన ఉప్పుగాలికి పైన చుట్టిన స్ప్రింగు తుప్పుపట్టి ఆ చోటుని కప్పేస్తుంది. స్ప్రింగుని వేళ్లతో విడదీసి చూస్తే కింద రాగి మెరుస్తూ, పలచబడి కనిపిస్తుంది.

రిపేరు అంటే, కొత్త చవక మీటరు నుంచి నిండు బల్బుని గొట్టంతో సహా కోసి, పాత మీటరు గొట్టానికి అతకడమే. ఈథర్ 35 డిగ్రీలకే మరుగుతుంది. మే నెలలో మామూలుగా కోస్తే బుస్సుమని పోతుంది, పైగా నిప్పు తగిలితే భగ్గుమంటుంది. అందుకే ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐసు ముక్కలు తెచ్చి, గల్లుప్పు కలిపి, కొత్త బల్బుని నిటారుగా అందులో అరగంట కప్పి ఉంచాలి. పని ఆరుబయటే చేయాలి, గ్యాస్ టార్చ్ వాడనే కూడదు. రెండు కొసలూ ముందే తుడిచి, సన్నటి ఇత్తడి గొట్టంలో దూర్చి, సోల్డరింగ్ ఐరన్‌తో త్వరగా అతకండి. సోల్డర్ లోపలి రంధ్రంలోకి పోకూడదు. అతుకు పూర్తిగా గట్టిపడేదాకా బల్బుని ఐసులోంచి తీయకండి. ఇదివరకు చేసిన అనుభవం లేకపోతే పక్కన చేసినవారిని పెట్టుకోండి.

తర్వాత మళ్లీ మరిగే నీళ్లు. ముల్లు 212 దగ్గర నిలవకపోతే, బల్బు నీళ్లలో ఉండగానే ముల్లుని పీకి 212 మీద నొక్కేయండి. బిగించేటప్పుడు ఇంజను పక్కన గొట్టాన్ని ఒక చుట్టు వదులుగా చుట్టి, ఫైర్‌వాల్‌లో కొత్త రబ్బరు వాషర్ వేయండి.